బేస్‌మెంట్‌లో దొరగారు

గ్యాస్ పోసుకునే నెపంతో కారు దిగి, గ్లవ్ పళ్ళతో లాగేసి, చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే ఫోన్‌లో టైప్ చేశాను: "ఆంటీ, పది నిమిషాల్లో మీ ఇంట్లో ఉంటాం. దొరగారిని పైకి తెచ్చారా?" జవాబు వెంటనే వచ్చింది. "వెతుకుతున్నా తల్లీ. ట్రెడ్‌మిల్ వెనకాల పెట్టానో, బొమ్మలకొలువు పెట్టెలో పెట్టానో. కాస్త మెల్లగా నడుపు." కారు కిటికీలోంచి చూస్తే పెద్దమామయ్యగారు ముందు సీట్లో, మఫ్లర్ చెవులదాకా చుట్టుకుని, ఒళ్ళో లావుపాటి పాత పుస్తకం పెట్టుకుని, దాని అట్ట మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నారు. కారులో పెట్రోలు అప్పటికే ముప్పాతిక ఉంది. అయినా పోస్తూనే నిలబడ్డాను.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మొన్న తలో వంటా తెచ్చుకుని కలిసే మా పాట్‌లక్‌కి కొత్తగా పెళ్ళయి వచ్చిన అమ్మాయొకతి గోడ మీద ఫ్రేము చూసి, "ఎవరండీ ఈయన? మీ అందరి ఇళ్ళలోనూ ఈయన మాటలే ఉన్నాయి. గూగుల్ చేస్తే పట్టుమని నాలుగు ముక్కలు కూడా రాలేదు" అంది. అందరూ పప్పు గరిటెలు ఆపి నావైపు చూశారు. ఆ రోజు కారు నడిపింది నేను కాబట్టి చెప్పాల్సింది కూడా నేనేనని వాళ్ళ లెక్క. నాకు మాట్లాడమంటే చాలు. చదువు ఇంటర్ దగ్గరే ఆగింది గానీ నోరు ఎక్కడా ఆగలేదని మా ఆయన అంటూ ఉంటారు.

పెద్దమామయ్యగారు అంటే మా ఆయనకి పెదనాన్నగారు. మేముండే ఈ నోవై ఊళ్ళో ఇండియన్ షాపు ఒక్కటి కూడా లేని రోజుల్లో వచ్చి స్థిరపడ్డ డాక్టరు. ఆపరేషన్‌కి ముందు మత్తు ఇచ్చే డాక్టరు. చిన్నప్పుడు ఆయన బడిలో హెడ్మాస్టరు ఒక ఇంగ్లీషు కవిని తెగ చదివించేవారట. విక్టోరియా రాణి కాలం నాటి కవి. అప్పట్లో ఆ దేశంలో ఆయన పుస్తకం లేని ఇల్లు లేదట. క్యాలెండర్ల మీద, పింగాణీ పళ్ళేల మీద, బిస్కెట్ డబ్బాల మీద కూడా ఆయన నీతులే అచ్చేసేవారట. పని వాయిదా వేయకు, పొరుగువాడి పంట చూసి కుళ్ళుకోకు, ఇలాంటివి. ఆ నీతులు ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పినందుకు మామయ్యగారికి బహుమతిగా ఆ కవి పుస్తకమే ఇచ్చారు. అది మెడికల్ కాలేజీకి వెళ్ళింది, విమానం ఎక్కింది, చివరికి నా కారు కూడా ఎక్కింది.

అమెరికాలో దిగాక తెలిసిందేమిటంటే, ఆ కవి పేరు ఇక్కడ ఎవరికీ తెలీదు. ఆస్పత్రిలో తోటి డాక్టర్ల దగ్గర ఒక సూక్తి చెబితే, ఆయనెవరు, మీ ఊరి డాక్టరా అని అడిగారట. అమెరికావాళ్ళకి చదువు తక్కువలే అని మామయ్యగారు సరిపెట్టుకున్నారు. తర్వాత ఎప్పుడో అత్తయ్యగారిని తీసుకుని ఇంగ్లండు వెళ్ళి, ఆ కవి సమాధి వెతుక్కుంటూ పోతే, ఆ చర్చిలో ఉండే ఆయనకే తెలీలేదట. గడ్డి కోసే మిషన్లు పెట్టుకునే పాక వెనకాల నాచు పట్టి దొరికిందట. మామయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోతే, అత్తయ్యగారు ఆ రాయి మీద చెయ్యి వేసి "పాపం దొరగారు" అన్నారట. అప్పటినుంచీ మా ఇళ్ళన్నిటిలోనూ ఆయన పేరు దొరగారే.

అత్తయ్యగారు మామయ్యగారంత చదువుకున్న మనిషి కాదు. ఎస్సెల్సీ. మామయ్యగారు ఏ ఫంక్షన్‌లో మైకు దొరికినా దొరగారిని ఎత్తుకునేవారు. సగం హాలు ఆవలించేది. "ఆస్పత్రిలో సూదితో, ఇక్కడ సూక్తితో. మత్తివ్వడం మాత్రం మానరు" అనేవారు అత్తయ్యగారు, పక్కనున్న వాళ్ళకి వినపడేలా. కానీ ఆ సూక్తుల్ని గుడ్డ మీద కుట్టింది ఆవిడే. సన్నటి గళ్ళ గుడ్డ మీద రంగు దారాలతో ఇంటూ గుర్తుల్లా వేసే కుట్టు ఉంటుందే, క్రాస్ స్టిచ్, దాంతో ఇంగ్లీషు అక్షరాలు వరసగా పేర్చి, చుట్టూ మామిడిపిందెల అంచు వేసి, అడుగున దొరగారి పేరు కుట్టి, ఫ్రేము కట్టించేవారు. మా వాళ్ళలో ఎవరు ఇల్లు కొనుక్కున్నా గృహప్రవేశానికి ఆ ఇంటికంటూ ఒక సూక్తి వచ్చేది. అందరూ వెండి కుంకుమభరిణె ఇస్తే వీళ్ళు దొరగార్ని ఇచ్చేవారు.

తీసుకున్నవాళ్ళు ఏం చేస్తారు? కొత్త ఇల్లు, గోడలకి బూడిదరంగు, దానికి సరిపోయే పెయింటింగులు. మామిడిపిందెల మధ్య దొరగారు ఎక్కడ ఇముడుతారు? అందుకని అందరి ఇళ్ళలోనూ ఆయన కాపురం ఇంటి కింద బేస్‌మెంట్‌లోనే. మామయ్యగారు భోజనానికి వస్తున్నారంటే పైకి వచ్చి గోడెక్కేవారు, ఆయన కారు వీధి మలుపు తిరగ్గానే దిగిపోయేవారు. ఎవరి గరాజ్‌లోంచైనా శనివారం సుత్తి చప్పుడు వినపడితే, "మీ ఇంటికి మామయ్యగారు వస్తున్నారా?" అని అడిగేవాళ్ళం.

అత్తయ్యగారు పోయాక మొదటి చలికాలం అది. వదిన, అంటే మామయ్యగారి ఒక్కగానొక్క కూతురు, దేశానికి అటు చివర రెడ్‌మండ్‌లో ఉంటుంది. వదిన కూతురికి పెళ్ళి కుదిరింది. ఆ పిల్ల అక్కడే పుట్టి పెరిగింది, తాతయ్యంటే ప్రాణం. పెళ్ళికార్డు మీద తాతయ్యగారి కవి మాట ఒకటి వేయిద్దామనుకుంది. వాళ్ళింట్లో అత్తయ్యగారు కుట్టిచ్చిన ఫ్రేములోదే. "గిన్నెలో ఆవిరి పాడుతున్నంతసేపూ మూత తీయకు" అని. మామయ్యగారికి అన్నిటికంటే ఇష్టమైంది అదే. తెలుగు అసోసియేషన్ మీటింగుల్లో దాని మీద ఎంతసేపైనా మాట్లాడేవారు. దొరగారిది ఆవిరియంత్రాల యుగమనీ, రైలింజన్లు చూసి ఓర్పు గురించి రాశారనీ.

ఆ పిల్ల జాగ్రత్త గలది, అచ్చుకి ఇచ్చేముందు వెతికింది. దొరకలేదు. యూనివర్సిటీ లైబ్రరీలో దొరగారి పుస్తకాలన్నీ స్కాన్ చేసి పెట్టారట, వాటిలోనూ లేదు. "తాతయ్యా, ఆయన ఇది అనలేదు. ఎక్కడా లేదు" అని ఫోన్‌లో చెప్పింది. మామయ్యగారు తన పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా తిరగేశారు. అందులోనూ లేదు.

అంతకుముందే వదినకి అనుమానం. నాన్న ఒకే కబురు రెండుసార్లు చెబుతున్నారని, గరాజ్ తలుపు తెరిచి మర్చిపోతున్నారని. ఇప్పుడు ఇది తోడయింది. మెమరీ టెస్ట్‌కి అపాయింట్‌మెంట్ బుక్ చేసింది. అందులో ఏదైనా తేడా వస్తే ఇల్లు అమ్మేసి, కారు తాళాలు తీసేసుకుని తన దగ్గరికి తీసుకుపోతానంది. తప్పు పట్టడానికి లేదు. అంత దూరాన ఉన్న కూతురు ఇంకేం చేస్తుంది? మామయ్యగారు నాతో మాత్రం చెప్పారు, మా ఇంట్లో ఉప్మా తింటూ, వాతావరణం గురించి చెప్పినట్టు. "చదివినట్టు స్పష్టంగా గుర్తుందమ్మా. రెండో భాగం, ఎడమవైపు పేజీ. ఆ పేజీయే లేదు. లేనిదాన్ని ఉందని నమ్మడం చాలా చెడ్డ లక్షణం. నేను ఎంతమందిలో చూశాను!" తర్వాత చెంచా పెట్టేసి, "మిగతా ఫ్రేములు కూడా చూడాలి. అవైనా పుస్తకంలో ఉంటే, పొరపాటు ఒక్కచోటే అనుకుంటాను. శనివారం నన్ను తీసుకెళ్తావా?" అన్నారు.

అదీ సంగతి. అందుకే ఆ గ్యాస్ స్టేషన్‌లో అంతసేపు నిలబడ్డాను. తన బుర్ర మీదే నమ్మకం పోతున్న మనిషికి, తన సూక్తులన్నీ పాత ట్రెడ్‌మిల్ వెనకాల దుమ్ము కొట్టుకుంటున్నాయని కూడా ఆ రోజే తెలియాలా?

మొదటి ఇల్లు డెంటిస్ట్ ఆంటీది. తలుపు తీసేసరికి ఆంటీ జుట్టులో సాలెగూడు పోగు. ఫ్రేము హాల్లో సోఫా పైన వేలాడుతోంది, కాస్త వంకరగా. "రండి డాక్టర్‌గారూ, ఇదిగో, ఎప్పటిలాగే ఇక్కడే" అంది ఆంటీ ఆయాసపడుతూ. అంకుల్ సోఫాలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని షేర్లు చూసుకుంటున్నారు, లేవకుండానే నమస్కారం పెట్టారు. ఆయన ఉద్యోగం మానేసి చాలాకాలమైంది. మామయ్యగారు ఫ్రేము ముందు నిలబడి పెదాలతో చదువుకున్నారు. కొండలు, కుర్చీ అని ఏదో ఉంది. పాతకాలం ఇంగ్లీషు, నాకు అంతుపట్టలేదు. కూర్చుని పుస్తకం వెనక ఉన్న మొదటి పంక్తుల పట్టిక అంతా వేలితో వెతికారు. ఆంటీ పెట్టిన జంతికలు ముట్టుకోలేదు. వేలు చివరికి వచ్చి ఆగిపోయింది.

"లేదు" అన్నారు, నావైపు చూడకుండా.

కారులో ఆయన పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. నేనే ఏదో ఒకటి వాగుతూ వచ్చాను, మంచు గురించీ, కాస్ట్‌కో షాపులో కొబ్బరినీళ్ళ గురించీ. వెనక్కి వెళ్ళిపోదామా అని అడిగితే, తల అడ్డంగా ఊపారు. "రోగం ఉందో లేదో తెలియకపోవడం కంటే తెలియడమే నయం" అన్నారు. అది దొరగారిదా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను.

రెండో ఇల్లు నా స్నేహితురాలిది. వాళ్ళది వరంగల్ వైపు. వాళ్ళ అత్తగారు ఆరునెలలు ఉండిపోదామని వచ్చి ఉంది. మేమంతా అవ్వ అంటాం. చలికి రెండు స్వెటర్లు, పైన శాలువా, కాళ్ళకి మనవడి బాస్కెట్‌బాల్ సాక్సులు. మామయ్యగారు వెళ్ళి గోడ ముందు నిలబడ్డారు. మళ్ళీ చదవడం, మళ్ళీ పుస్తకం, మళ్ళీ వేలు. అవ్వ కాసేపు చూసి ఊరుకోలేకపోయింది.

"గంతసేపు ఏం జూస్తున్నవ్ సారూ? పొద్దుగాలనే మా కోడలు కిందికెల్లి తెచ్చి తగిలిచ్చింది. గండ్ల ఏం రాసున్నది?"

నా స్నేహితురాలి మొహం చూడాలి. మంచినీళ్ళ గ్లాసుతో అలాగే నిలబడిపోయింది. మామయ్యగారు మాత్రం ఆ మాట విననట్టే, "ఒక గొప్ప కవి చెప్పిన నీతి అమ్మా" అన్నారు.

"నీతంటే మంచిగనే ఉంటది. జర మన మాటల జెప్పు."

మామయ్యగారు గొంతు సవరించుకున్నారు. ఎంత దిగులులో ఉన్నా, ఎవరైనా అడిగితే మాత్రం ఆ మైకు గొంతు దానంతట అదే వచ్చేస్తుంది. "సంత మైదానంలో గెలుపు జెండా పాతాలనుకునే మనిషి, ముందుగా... తన సొంత పొయ్యి దగ్గర ఆ జెండా..." అని ఆగిపోయారు. నోరు తెరిచి ఉంది, మాట రావడంలేదు. గుండె నొప్పేమోనని నేను ఒక అడుగు వేశాను.

అవ్వ శాలువా సర్దుకుంటూ, "ఇంట గెలిచి రచ్చ గెల్వుమన్నట్టా? గింత దానికి అద్దం గట్టిచ్చిన్రా? మా నాయిన దినాం గిదే అంటుండె. ఏం సారూ, మీ దొర మా ఊరికొచ్చిండా ఏంది?" అంది.

మామయ్యగారు మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. "ఇంకోసారి అనమ్మా" అన్నారు. అవ్వ ఇంకోసారి అంది, ఈసారి చెవిటివాళ్ళకి చెప్పినట్టు గట్టిగా. మామయ్యగారు లేచి ఫ్రేముకి ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి, అక్షరాల మీద కాకుండా కుట్టు మీద వేలు పెట్టి జరిపారు. మామిడిపిందెలు, వాటి కింద దొరగారి పేరు. ఆయన భుజాలు కదలడం మొదలయ్యాయి. ఏడుస్తున్నారనే అనుకున్నాను. తిరిగేసరికి నవ్వుతున్నారు, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, రెండూ ఒకేసారి. "అమ్మాయ్," అన్నారు నన్ను చూసి, "ఆ డెంటిస్ట్ ఇంట్లోది ఏమిటో తెలుసా? కుర్చీ వదలక భుజించువాడి ముందు గిరిశిఖరములైనా కరిగిపోవును! కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి! అదీ, ఆ షేర్ల మహానుభావుడి సోఫా పైన!"

అవ్వకి ఏమీ అర్థంకాలేదు గానీ నవ్వు మాత్రం అంటుకుంది. నా స్నేహితురాలు గ్లాసు కింద పెట్టి, "అయితే మాది మా ఆయన గురించేనన్నమాట" అని నడుం మీద చెయ్యి వేసుకుంది. వాళ్ళాయన అప్పట్లో ఆఫీసు గొడవలన్నీ తీరుస్తూ, ఇంట్లో మాత్రం నెలల తరబడి పెళ్ళాంతో మాటల్లేకుండా ఉండేవాడు. అత్తయ్యగారికి తెలియని సంగతి ఏముంది మా దగ్గర? ఎవరింట్లో ఏ నొప్పి ఉంటే ఆ ఇంటికి ఆ సామెత. తెలుగులో మొహం మీద అంటే తగువులవుతాయి. ఇంగ్లీషులో, చచ్చిపోయిన దొరగారి పేరు పెట్టి ఇస్తే, అద్దం బిగించి చేతికిచ్చినా ఎవరికీ కోపం రాలేదు. చదివితే కదా కోపం రావడానికి!

తిరిగి వస్తుంటే మామయ్యగారు ఒక్కొక్కటీ తలుచుకుని చెప్పారు. మొదట్లో ఆవిడ దొరగారివే కుట్టేదట. పంక్తులు పొడుగు, గుడ్డలో పట్టేవి కావు, అందుకని కత్తిరించేది. తర్వాత ఎప్పుడు సొంతవి మొదలుపెట్టిందో ఆయనకి తెలీదు. కుట్టడం అయ్యాక చూపించి, "ఇది మీరు చదివిందేనాండీ?" అని అడిగేదట. "గుర్తులేదని నేనెలా ఒప్పుకుంటానమ్మా? అప్పజెప్పి ప్రైజు కొట్టినవాణ్ణి. ఎందుకు చదవలేదు, రెండో భాగంలోది, అనేవాణ్ణి. మూతి బిగించి సూది మీదికి తల వంచుకునేది." బయట మంచు పడుతోంది. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. "అలా అని అని, నిజంగా చదివినట్టే అయిపోయింది. ఎన్ని మీటింగుల్లో చెప్పాను! హాలంతా నిద్రపోతుంటే ఆవిడొక్కతే మెలకువగా కూర్చుని వినేది. నేను చెప్పేది బాగుందని వింటోందనుకున్నాను."

"బేస్‌మెంట్ సంగతి..." అన్నాను, ఇక దాచడం అనవసరమని.

"అది మాకెప్పుడో తెలుసు. గోడ మీద కొత్త మేకు చూసి మీ అత్తయ్య నన్ను మోచేత్తో పొడిచేది. భోజనం బాగా పెడుతున్నారు కదా, గోడలతో మనకేం పని అనేది." మఫ్లర్ సర్దుకుని, "టెస్ట్‌కి వెళ్తానమ్మా. వయసైతే వచ్చింది కదా, చూపించుకోవాలి. కానీ నిన్నటిలా భయపడుతూ వెళ్ళను" అన్నారు. ఇంటి ముందు దిగుతూ తలుపు పట్టుకుని ఆగారు. "ఆ ఆవిరిది మాత్రం ఏ సామెతో తట్టడంలేదు. గిన్నె, ఆవిరి, మూత... అలాంటి సామెత మనకి ఉందా?"

ఆయన జీవితంలో వంటింట్లో స్టవ్ ముందు నిలబడ్డ మనిషి కాదు. నాకు తట్టింది, నోటిదాకా వచ్చింది కూడా. కానీ అది నేను చెప్పాల్సింది కాదనిపించింది. ఆ ఫ్రేము ఎవరి కోసం కుట్టారో వాళ్ళు చెప్పాలి. నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ కాబట్టి ఇది బాగా గుర్తుంది.

మర్నాడు పొద్దున్నే లేచి వదినకి ఫోన్ చేద్దామంటే అక్కడ ఇంకా తెల్లవారలేదు. కాఫీ తాగాను, మళ్ళీ తాగాను, డిష్‌వాషర్ ఖాళీ చేశాను, ఫోన్ చేశాను. నిద్ర గొంతుతో ఎత్తి, "నాన్న బాగున్నారా?" అంది గాభరాగా.

"బ్రహ్మాండంగా ఉన్నారు. వదినా, ఒక్కసారి మీ హాల్లో ఫ్రేము ముందుకెళ్ళి, అందులో ఉన్నది తెలుగులో చెప్పండి."

"పొద్దున్నే ఏంటే ఈ పరీక్ష? అయినా అది తెలీని వాళ్ళెవరు?"

"చదివి చెప్పండి. పెద్ద మాటలొద్దు. వంటింట్లో చెప్పినట్టు చెప్పండి."

చెప్పుల చప్పుడు వినిపించింది. లైటు వేసిన చప్పుడు. "ఆవిరి... శబ్దం చేస్తుంటే... మూత తీయొద్దు" అంది. లైను కట్ అయిందేమోనని ఫోన్ చూసుకున్నాను. అవలేదు.

"కుక్కర్" అంది వదిన చాలాసేపటికి. "హైస్కూల్లో నాన్నతో పోట్లాడి రూమ్‌లో తలుపేసుకునేదాన్ని. ఆయన పైకి రాబోతే అమ్మ మెట్ల దగ్గర అడ్డం నిలబడేది. లోపల ఆవిరుందండీ, ఇప్పుడు మూత తీయకండి, అదే దిగుతుంది అనేది. నాకు లోపలికి వినపడేది." ఆ వెంటనే, "నేనేమో నాన్న లేనివి ఊహించుకుంటున్నారని..." అంది.

నిన్న జరిగిందంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్న చోట నవ్వింది, నవ్వుతుందనుకున్న చోట ఏడ్చింది. చివరికి ముక్కు చీదుకుని, కార్డు ఈ వారమే అచ్చుకి వెళ్ళాలి, ఆ మాటే ఉంచుతాం, కింద పేరు మాత్రం మార్చాలి, అమ్మ పేరు ఇంటిపేరుతో సహా తెలుగులో టైప్ చేసి పంపుతావా, నాకు తెలుగు కీబోర్డు రాదు అంది. దేశమంతా పలికిన దొరగారి పేరు మాసిపోవడానికి వందేళ్ళు పట్టి ఉంటుంది. అత్తయ్యగారి పేరు ఒక చోట పైకి రావడానికి ఆవిడ జీవితం మొత్తం చాలక, ఆ పైన ఇంకో చలికాలం పట్టింది. వేళ్ళు తుడుచుకుని కూర్చుని, ఒత్తులూ దీర్ఘాలూ ఒకటికి రెండుసార్లు చూసుకుని, ఆ పేరు టైప్ చేసి పంపాను.